పాలపళ్ళ నొక్కు

పోయిన వారం కథ ఆపినప్పుడు వదినను ఆసుపత్రి మెట్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. మీకు వారం గడిచింది గానీ ఆమెకు పది నిమిషాలు కూడా గడవలేదు. చేతిలో రెండు కాగితాలు. ఒకటి మూడు వారాల కిందటిది, రెండోది ఈ ఉదయానిది. మొదటి దాని మీద ముప్పై ఒకటి, రెండో దాని మీద ముప్పై ఎనిమిది. ఆమె ఏడేళ్ళ కూతురి రక్తంలో సీసం ఎంతుందో చెప్పే అంకెలవి. ఎంత ఉండాలి అని అడిగితే, అసలు ఉండనే కూడదంది నర్సమ్మ.

ఆ పిల్లను వీధిలో అందరూ వసపిట్ట అంటారు. కళ్ళు తెరిచింది మొదలు వాగుతూనే ఉండేది, నిద్రలో కూడా ఎవరితోనో పోట్లాడేది. అలాంటి పిల్లకు ఆర్నెల్లుగా మాటలు దొరకడం లేదు. చెంబు చూపించి చెంబు అనలేదు, కిటికీ చూపించి కిటికీ అనలేదు. మాట రానప్పుడు చూపుడు వేలితో కింది పెదవి మీద రెండుసార్లు తట్టుకుంటుంది, లోపలున్నదాన్ని బయటికి రమ్మన్నట్టు. వస్తే వస్తుంది, లేకపోతే లేదు. మొదట్లో అది చూసి అందరూ ముద్దు చేశారు. వదిన కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

సీసం ఎక్కడిదన్నది మూడు వారాల కిందటే తేలిపోయింది. ఆ వీధిలో ఇంటింటా చేపల వలలు అల్లుతారు. వల అడుగు దారానికి బరువు కోసం సీసపు పూసలు వేస్తారు. బఠాణీ గింజలో సగముండే పూస, నడుమ ఒక చీలిక. చీలికలో దారం దూర్చి, పూసను పళ్ళ మధ్య పెట్టుకుని టిక్కుమని కొరికితే మూసుకుంటుంది. పట్టకారుతోనూ నొక్కవచ్చు, కానీ అది పూసతో పాటు దారాన్నీ నలిపేస్తుంది. ఎక్కడ ఆగాలో పన్నుకు తెలుస్తుంది. అందులోనూ పెద్దవాళ్ళ పన్ను పూసను చదును చేసేస్తుంది, పిల్లల పన్ను అయితే చిన్న గంటు పెట్టి ఊరుకుంటుంది. ఆ గంటుకు వీధిలో పాలపళ్ళ నొక్కు అని పేరు. అది ఉన్న వల మొదటి రకం. లేనిది రెండో రకం. మనం చేతిరాత గుర్తుపట్టినట్టు అక్కడి ఆడవాళ్ళు నొక్కు చూసి ఏ ఇంటి పిల్ల కొరికిందో చెప్పేస్తారు.

వసపిట్టకు కొరకడం నేర్పింది వదినే. నాలుగేళ్ళప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ‘గట్టిగా కాదే, మెల్లగా, ముద్దు పెట్టినట్టు’ అని నేర్పింది. ఎంత చక్కటి నొక్కో చూడండంటూ వీధంతా తిప్పి చూపించింది. తనకూ తల్లి అలాగే నేర్పింది మరి.

మొదటి కాగితం వచ్చిన రోజునే వదిన ఆ పని మాన్పించింది. ఇంట్లో ఉన్న పూసలన్నీ ట్రంకు పెట్టెలో వేసి తాళం పెట్టి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. పిల్లను బడికి పంపాక, తలుపు వేసుకుని పట్టకారుతో నొక్కుతోంది. పూసపూసకూ దారం తెగి, వలలన్నీ రెండో రకం కుప్పలో పడుతున్నా నోరెత్తలేదు. నేల మూడు పూటలా తడిగుడ్డతో తుడుస్తోంది. ఇన్ని చేస్తే ముప్పై ఒకటి తగ్గాలా, పెరగాలా?

“ఇంట్లో ఆపలేదమ్మా మీరు,” అంది నర్సమ్మ రెండో కాగితం చేతిలో పెడుతూ.

“ఆపాను నర్సమ్మా. నా బిడ్డ మీద ఒట్టు. మూడు వారాల నుంచి దాని నోట్లోకి ఒక్క పూస పోలేదు.”

“ఒట్లు నాకెందుకమ్మా. ఆపితే తగ్గడం మొదలవుతుంది. పెరిగిందంటే ఎక్కణ్ణుంచో లోపలికి పోతూనే ఉంది. ఇంకో ఏడు పెరిగి నలభై అయిదైతే ఇక్కడే మంచం మీద పడుకోబెట్టి మందు ఎక్కించాలి. ఎక్కణ్ణుంచి వస్తోందో ముందది కనిపెట్టండి.”

“పోయిన మాటలు తిరిగొస్తాయా?”

నర్సమ్మ పెన్ను మూత తీసింది, మళ్ళీ పెట్టింది. “కొన్ని రావచ్చు. అన్నీ వస్తాయని నేను చెప్పలేను. ఉన్నవి పోకుండా మాత్రం ఆపొచ్చు.”

ఇదీ మనం ఆపిన చోటు. ఇక పదండి, వదిన మెట్ల మీంచి లేచింది.

ఇంటిదారిలో వసపిట్ట చెయ్యి పట్టుకుని నడుస్తూ, “తల్లీ, నిజం చెప్పు. నేను తిట్టను. పూసలు కొరికావా?” అని అడిగింది.

వసపిట్ట తల అడ్డంగా ఊపింది. తరవాత కాళ్ళ వంక చూసుకుంది.

“పోనీ నీకెవరైనా ఏమైనా పెట్టారా? తినడానికి?”

“నాన్నమ్మ...” అంది పిల్ల. వేలితో పెదవి తట్టుకుంది. “నాన్నమ్మ దగ్గర...” మళ్ళీ తట్టుకుంది. ఆ తరవాత మాట ఎటో వెళ్ళిపోయింది. “చాక్లెట్టు,” అంది చివరికి, అదొక్కటే దొరికినట్టు.

నాన్నమ్మ దగ్గరికి వెళ్ళాలని మారాం చేస్తోందనుకుంది వదిన. ఆమె చెవిలో పడింది చాక్లెట్టు ఒక్కటే. ఆ వీధిలో పిల్లల చేతిలో చాక్లెట్టు పెట్టేది ఒకే ఒక్క మనిషి. వలలు తీసుకుని పట్నం వ్యాపారులకు పంపే ఏజెంటక్క. పూసల బస్తాలో మోచేతి దాకా పెట్టిన ఆ చేత్తోనే పిల్లల నోట్లో చాక్లెట్టు పెడుతుంది. అంతే, వదినకు ఒళ్ళు భగ్గుమంది.

ఇంటికి వచ్చేసరికి అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. నోట్లో ఒక్క పన్ను లేని మనిషి. యాభై ఏళ్ళు పూసలు కొరికి కొరికి పళ్ళన్నీ ఒక్కొక్కటే రాలగొట్టుకుంది. మెత్తగా మెదిపిన తిండి తప్ప తినలేదు. అయినా నవ్వడానికి మాత్రం ఏనాడూ వెనకాడదు. కొడుకు నెలలో ఇరవై రోజులు పడవ మీదే ఉంటాడు కాబట్టి, మనవరాలి ఆటా పాటా కథా అన్నీ ఆమె దగ్గరే.

“ఏమంది ఆ నర్సు?”

“పెరిగిందంది.”

అత్త మొహం ఒక్క క్షణం మాడిపోయింది. “అయ్యో, నా బంగారం,” అంటూ మనవరాల్ని ఒళ్ళోకి లాక్కుంది. “ఆ అంకెలూ ఆ కాగితాలూ ఎవరికి అర్థమవుతాయిలేవే. దిష్టి తగిలిందేమో.”

“దిష్టి కాదత్తా, సీసం. దీన్ని ఓ గంట చూస్తూ ఉండు. నేను ఆవిడ సంగతి తేల్చుకుని వస్తాను.”

“నేను చూస్కుంటాలే, నువ్వెళ్ళిరా. మరీ నోరు పారేసుకోకు. ఆవిడతో మనకు పనులుంటాయి,” అంది అత్త.

వదిన ట్రంకు పెట్టె తెరిచి, మిగిలిన పూసలన్నీ సంచిలోకి వొంపి భుజాన వేసుకుంది. సంచి చిన్నదే, కానీ సీసం కదా, భుజం కోసుకుపోయింది. దింపలేదు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క విసురున నడిచింది. దారిలో ఇద్దరు పలకరించారు. ఆమెకు వినపడనే లేదు.

ఏజెంటక్క ఇంటి ముందుగదే ఆఫీసు. గోడల నిండా కొక్కేలకు వేలాడే వలలు, మూలన పూసల బస్తాలు, నేల మీద బూడిదరంగు దుమ్ము, నడుమ పెద్ద చెక్కబల్ల. లోపలి ఇంట్లోకి వెళ్ళే తలుపు దగ్గర, గడప పొడుగునా ఎర్ర రంగుతో గీసిన గీత ఒకటి ఉంది. ఏజెంటక్క ఆ గీత దాటాలంటే ముందు పెరటి కుళాయి దగ్గర మూడుసార్లు సబ్బుతో చేతులు రుద్దుకుంటుంది, చెప్పులు మారుస్తుంది, పైన కట్టుకున్న పాత చీర విప్పి కొక్కేనికి తగిలిస్తుంది. ఆవిడకు శుభ్రాల పిచ్చి అని వీధంతా ముసిముసిగా నవ్వుకుంటుంది. మొగుణ్ణి కూడా సబ్బు పెట్టి కడిగాకే లోపలికి రానిస్తుందని వదినే ఓసారి జోకేసింది. కాస్త పైకి రాగానే మనం అంటరానివాళ్ళం అయిపోయామా అని గొణిగినవాళ్ళూ ఉన్నారు.

అప్పటికి ముగ్గురు ఆడవాళ్ళు వలలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. వదిన వాళ్ళను తోసుకుంటూ వెళ్ళి సంచిని బల్ల మీద ధడేల్మని పడేసింది.

“ఇదిగో నీ పూసలు. నీ పనికీ నీకూ ఓ దండం.”

ఏజెంటక్క కళ్ళద్దాలు పైకి తోసుకుంది. యాభై అయిదేళ్ళ మనిషి. ఆ వీధిలోనే పుట్టి, ఆ బల్ల అవతలి వైపు నుంచి ఇవతలి వైపుకు వచ్చిన మనిషి. “ఏంటే పొద్దున్నే శివాలెత్తావు? ఏమైంది?”

“ముప్పై ఎనిమిదైంది! నా కూతురి రక్తంలో నీ సీసం ముప్పై ఎనిమిదైంది. మూడు వారాల నుంచి దాని నోట్లో పూస పెట్టలేదు. అయినా పెరిగింది. ఆ చేత్తో దానికి చాక్లెట్లు పెడుతున్నావా, లేదా?”

“నీ కూతురు నా గుమ్మం తొక్కి నెల దాటింది. చాక్లెట్టేంటి, నా మొహం!” అంది ఏజెంటక్క. వరసలో ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. “ఈవిడ పిల్ల ఇటు రావడం మీరెవరైనా చూశారా?”

రాలేదన్నట్టు ముగ్గురూ తలలూపారు. వదిన ఒక్క క్షణం తడబడింది. ఆ పిల్ల చాక్లెట్టు అన్న మాట నిజం. మరి ఎక్కడిది? కానీ కోపానికి అంత తొందరగా కళ్ళెం పడుతుందా?

“అయితే ఇంకేదో పెట్టావు. నీ వల్ల కాకపోతే ఎవరి వల్ల? వీధిలో పిల్లలందరికీ ఇదే రోగం. ఈవిడ కొడుకు రెండో తరగతి మూడోసారి చదువుతున్నాడు. ఆవిడ కూతురు కడుపునొప్పని వంకర్లు తిరిగిపోతుంది. అందరం దిష్టి అనుకున్నాం, నులిపురుగులనుకున్నాం, మొద్దు పిల్లలనుకుని వీపులు చీరేశాం!”

“ఆపవే నీ సోది. నేనూ కొరికాను, మా అమ్మా కొరికింది. మీ అత్తా నేనూ ఇదే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని కొరికినవాళ్ళం. మేం చచ్చామా?”

“మా అత్త నోట్లో ఒక్క పన్ను లేదు. నువ్వు కట్టుడు పళ్ళు పెట్టుకుని నవ్వుతున్నావు. సూదిలో దారం ఎక్కించమంటే నీ చెయ్యి గజగజా వణుకుతుంది, నేను చూడలేదనుకున్నావా? చావకపోతే చాలా, ఇంకేమీ అక్కర్లేదా మాకు?”

ఏజెంటక్క వణికే చేతిని బల్ల కిందికి దింపుకుంది. గొంతు మాత్రం తగ్గలేదు. “పిల్లలచేత కొరికించమని నేనెప్పుడన్నా అన్నానా? నా నోటితో ఒక్కసారి అన్నానా? అడుగు వీళ్ళని.”

“అనలేదు!” వదిన కొక్కేనికి ఉన్న వలను ఒకటి గుంజి బల్ల మీదికి లాగింది. “అనలేదు తల్లీ. ఎందుకంటావు? పాలపళ్ళ నొక్కు లేని వలను ఇలా ఎత్తి అలా రెండో కుప్పలోకి విసిరేశావు. ఉన్నదాన్ని కళ్ళకద్దుకున్నావు. ఇంకా నోటితో అనాలా? ఇప్పుడైనా అను. ఇవాళ్టి నుంచి పట్టకారు నొక్కే తీసుకుంటానని, పంటి నొక్కు కనపడితే వెనక్కి పంపేస్తానని అను. నీ ఒక్క మాటతో రేపు పొద్దునకి వీధిలో ఒక్క పిల్ల కూడా పూస ముట్టదు. అను!”

“నేనంటే పట్నం వ్యాపారి వింటాడా? పక్క ఊరి వలలు తీసుకుంటాడు. మీరందరూ అప్పుడు నా గుమ్మం ముందుకే వచ్చి ఏడుస్తారు.” ఏజెంటక్క మళ్ళీ కళ్ళద్దాలు సర్దుకుంది. “సీసం గీసం అని ఆ నర్సు ఏదో చెప్పింది, నువ్వు పట్టుకుని ఊగుతున్నావు. అలాంటిదేమైనా ఉంటే ఇన్నేళ్ళలో నాకు తెలియదా?”

వరసలో ఉన్న ఆడవాళ్ళు తమ వలలు దగ్గరికి లాక్కున్నారు. ఒకామె ‘పోనీలే వదినా’ అంటూ భుజం మీద చెయ్యి వేయబోయింది. ఇక్కడితో అయిపోయేదే. వదిన నాలుగు శాపనార్థాలు పెట్టి వెళ్ళిపోయేది, ఏజెంటక్క సంచి తీసి మూలన పెట్టి తరవాతి వల చూసేది. లోకంలో చాలా పోట్లాటలు అలాగే ముగుస్తాయి.

కానీ లోపలి ఇంటి తలుపు తెరుచుకుంది.

ఏజెంటక్క మనవరాలు. అయిదేళ్ళుంటాయి. నున్నగా దువ్విన తల, చేతిలో ఊడిపోయిన రిబ్బను. ఎర్ర గీతకు సరిగ్గా బెత్తెడు దూరంలో, కొలిచి పెట్టినట్టు ఆగింది.

“నాన్నమ్మా, చూడు, నా రిబ్బను మళ్ళీ ఊడిపోయింది. కట్టవూ? నిన్నలా గట్టిగా లాగకు, నెప్పెట్టింది. ముడి కాదు, పువ్వులా కట్టాలి. అమ్మ కడితే ఒకవైపు పెద్దదీ ఒకవైపు చిన్నదీ అవుతుంది.”

మాటలు జలజలా రాలాయి. ఒక్కటి తడుముకోలేదు, ఒక్కటి వెతుక్కోలేదు. వసపిట్ట కూడా అయిదేళ్ళప్పుడు ఇలాగే ఉండేది.

“లోపలికి పో!” అని గట్టిగా కసిరింది ఏజెంటక్క.

వదిన ఏదో అనాలనుకుంది. పసిపిల్ల ముందు అనలేకపోయింది. చేతులు చాపి, “రా తల్లీ, నేను కడతాను,” అంది.

పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. “నేను రాను. గీత దాటకూడదు. అక్కడ పూసలున్నాయి కదా.”

“ఉంటే?”

“పూసలు ముట్టుకుంటే మాటలు పోతాయి. దుమ్ము నోట్లోకి పోయినా పోతాయి. నాన్నమ్మ చెప్పింది. మా అత్త చిన్నప్పుడు అలాగే చచ్చిపోయిందంట. గీత దాటితే వీపు చీరేస్తానంది.”

వరసలో మొదటామె, రెండో తరగతి మూడోసారి చదువుతున్న పిల్లవాడి తల్లి, మెల్లగా అడిగింది. “మరి మా పిల్లలు ముట్టుకుంటారు కదమ్మా?”

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. తనకు చెప్పిందే తిరిగి చెప్పింది, ఏ కల్మషమూ లేకుండా. “వాళ్ళు వేరేవాళ్ళ పిల్లలు కదా.”

మొదటామె చేతిలోంచి వల జారి నేల మీద పడింది. పూసలన్నీ ఒక్కసారిగా గలగలమన్నాయి.

ఆ గీత ఎందుకో అందరికీ ఒకేసారి అర్థమైంది. మూడుసార్ల సబ్బు, మారే చెప్పులు, కొక్కేనికి వేలాడే చీర. ఇన్నేళ్ళూ అదే చూసి నవ్వుకున్నారు. పైకి వచ్చిన మనిషి టెక్కు అనుకున్నారు. అది టెక్కు కాదు, భయం. ఆవిడ భయాన్ని గడప దగ్గర సబ్బుతో కడుక్కుని, ఇవతల ఉన్నవాళ్ళకు వదిలేసింది.

“నీకు తెలుసు,” అంది వదిన. గొంతు పెంచలేదు. “నీకు ముందే తెలుసు.”

ఏజెంటక్క మనవరాల్ని లోపలికి పంపి తలుపు వేసింది. తిరిగి వచ్చి కుర్చీలో కూలబడింది. “నా పెద్దపిల్ల. తొమ్మిదేళ్ళు. దానిలా కొరికేది వీధిలో ఇంకొకతె లేదు. ముందు మాటలు పోయాయి. తరవాత ఫిట్సు వచ్చాయి. పోయాక చెప్పాడు డాక్టరు, సీసం అని.”

“నీకిది తెలిసి ఎన్నాళ్ళయింది?”

“ఇరవై ఏళ్ళు.”

“ఇరవై ఏళ్ళు!” ఇప్పుడు పెరిగింది వదిన గొంతు. “అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఇదే బల్ల ముందు నిలబడ్డాను. నీ కూతుర్ని మింగింది సీసమని తెలిసీ, నా నొక్కు చూసి నా బుగ్గ గిల్లి చాక్లెట్టు పెట్టావు! నాలుగు ముద్దలు మా ఇళ్ళల్లోకి పంపిస్తున్నాననుకుంటున్నావా? విషం పంపించావే! పైగా మొదటి రకమని పేరు పెట్టి పంపించావు. మా పిల్లలు మాటలు మర్చిపోతుంటే నీ మనవరాలికి పూట పూటా కొత్త మాటలు నేర్పుకున్నావు. కడుపుకోత తెలిసిన దానివి కదే! ఎలా మింగుడుపడింది నీకు తిండి? ఛీ!”

“ఏం చేయమంటావు?” ఏజెంటక్క కూడా అరిచింది. కళ్ళలో నీళ్ళు, గొంతులో మంట. “నోరు విప్పితే ఆ రోజే ఈ పని పోయేది. అప్పటికి నాకు ఇంకో ఇద్దరు పిల్లలున్నారు, వాళ్ళ కడుపెవరు నింపుతారు? నా గడప వరకూ ఆపుకోగలిగాను. ఆపుకున్నాను.”

“గీత గీయడానికి నీకు గడప ఉంది. మా ఇంట్లో వల అల్లేదీ పిల్ల పడుకునేదీ ఒకే చాప మీద. మేమెక్కడ గీసుకోవాలి?”

వదిన తన సంచి వైపు చెయ్యి చాపింది. ఇక ఇక్కడ చేసేదేమీ లేదు. ఈ సంచీ, ఇక్కడున్న ఓ పది పూసల దారమూ తీసుకెళ్ళి నర్సమ్మ బల్ల మీద పెడుతుంది. నొక్కులు చూపిస్తుంది. ఆ తరవాత ఏజెంటక్క, ఆవిడ వ్యాపారి, ఎవరొస్తారో చూస్తుంది. ఆ ఆవేశంలోనే మొదటి రకం కుప్ప మీద, అన్నిటికన్నా పైనున్న దారం అందుకుంది. కొత్తది, ఇంకా వలకు కుట్టనిది. వేళ్ళు అలవాటు కొద్దీ పూసల మీద నడిచాయి.

మూడో పూస దగ్గర ఆగిపోయాయి.

నొక్కు నడుమ లేదు. పక్కకు, ఏటవాలుగా ఉంది. నాలుగోదీ అంతే. అయిదోదీ అంతే. ముందు పన్ను లేని పిల్ల పక్క పళ్ళతో కొరికితే పడే నొక్కు. వసపిట్టకు పైవరస ముందు పన్ను ఊడి సరిగ్గా పది రోజులైంది. ఆ పన్నును కాగితంలో చుట్టి దాచింది వదినే.

వీధిలో ఎవరి నొక్కు ఎవరిదో అందరికీ తెలుస్తుందన్నాను కదా. తల్లికి తెలియకుండా ఉంటుందా?

“ఇది ఎప్పుడొచ్చింది?”

ఏజెంటక్క చూసింది. మొహం పక్కకు తిప్పుకుంది.

“ఎప్పుడొచ్చిందంటున్నాను!”

“నిన్న.”

“ఎవరు తెచ్చారు?”

“నువ్వు బజారుకు వెళ్ళినప్పుడు వస్తుంది,” అంది ఏజెంటక్క నేల చూపులు చూస్తూ. “నీ వలలు రెండో కుప్పలో పడుతున్నాయని బాధపడింది. విడిగా ఓ డబ్బా పూసలు ఇమ్మంది, నేనే కొరుకుతానంది. వెళ్ళేటప్పుడు మనవరాలికని రెండు చాక్లెట్లు అడిగి తీసుకెళుతుంది.”

“మా అత్తా? పళ్ళు లేని మా అత్త కొరుకుతానంటే నువ్వు నమ్మి ఇచ్చావా?”

“నమ్మలేదు. ఇచ్చాను.”

వదిన బల్ల అంచు పట్టుకుంది. “పాపం, ఆవిడకు ఏం తెలుసు. దిష్టి అనుకుంటోంది...”

“తెలుసు.” ఏజెంటక్క తల ఎత్తింది. “నా పిల్ల పోయిన రోజున నా పక్కన కూర్చున్నది మీ అత్తే. డాక్టరు చెప్పిన మాట వీధిలో ఒక్కరికే చెప్పాను. ఆమెకే. ఇద్దరం కలిసే ఒట్టు వేసుకున్నాం, ఎవరికీ చెప్పకూడదని.”

వదిన ఇంక వినలేదు. సంచి వదిలేసింది. దారం మాత్రం గుప్పిట్లో ఉండిపోయింది. ఎప్పుడు వీధిలో పడిందో, ఎలా పరిగెత్తిందో ఆమెకు తెలియదు. ‘నేను చూస్కుంటాలే, నువ్వెళ్ళిరా’ అన్న మాట ఒక్కటే చెవిలో గింగిర్లు కొడుతోంది. ‘నాన్నమ్మ దగ్గర...’ అంటూ పిల్ల పెదవి తట్టుకోవడం కళ్ళ ముందే ఉంది. చెప్పబోయిందే పిచ్చితల్లి! దొరకని మాట కోసం అంత వెతుక్కుందే! ఒక్క నిమిషం ఆగి వినలేకపోయానే!

ఇంటి తలుపు వేసి ఉంది. పట్టపగలు, లోపల గడియ.

వదిన చెయ్యి ఎత్తి ఆగింది. లోపల అత్త కథ చెబుతోంది, ఎప్పటిలాగే తీరిగ్గా, బోసినోటితో. కథ మధ్యలో ఆ చప్పుడు. ఆ వీధిలో పుట్టినవాళ్ళు నిద్రలో కూడా గుర్తుపట్టే చప్పుడు.

టిక్.

“నాన్నమ్మా,” అంది వసపిట్ట. “దీన్ని... దీన్నేమంటారు?”

“దేన్ని బంగారం?”

“ఇదే. నోట్లోది.”

“ఏమీ అనరు తల్లీ. అమ్మ వచ్చేలోపు ఇంకో నాలుగు కొరికెయ్యి.”

టిక్.

వదిన రెండు చేతులతో తలుపు బాదింది. “అత్తా! తలుపు తియ్యి! తియ్యకపోతే విరగ్గొడతాను! తియ్యి!”

లోపల డబ్బా బోర్లా పడింది. పూసలు నేలంతా దొర్లిన చప్పుడు. “తియ్యకే, తియ్యకు, ఆగు!” అని అత్త గాభరాగా అంటూనే ఉంది, చిన్న అడుగులు పరుగున వచ్చాయి. గడియ జారింది.

వసపిట్ట తలుపు తెరిచింది. పెదవుల మీద బూడిదరంగు మరక, బుగ్గలో ఇంకా కరగని చాక్లెట్టు. తల్లిని చూడగానే మొహం విప్పారింది. సంతోషంగా పిలవబోయి నోరు తెరిచింది.

నోరు అలాగే ఉండిపోయింది. కళ్ళు తల్లి మొహమంతా వెతికాయి. చూపుడు వేలు మెల్లగా లేచి కింది పెదవి మీద తట్టింది, ఒకసారి. ఆగి, రెండోసారి.